ఇంట్లో ఐదు నోళ్ళు, ఒకటే పేస్టు ట్యూబు: ఎవరికి ఏది సెట్ అయితది?

మొన్నమొన్నటి దాకా మా బాత్‌రూమ్‌లో ఒక ప్లాస్టిక్ మగ్గులో ఐదు బ్రష్షులు, పక్కన నడుం విరిగిన పేస్టు ట్యూబు ఒక్కటి ఉండేవి, నెల సరుకుల్లో ఏది ఆఫర్‌లో ఉంటే అదే ట్యూబు. ఇంటిల్లిపాదికీ అదే. నాకు 41, షుగర్ ఉంది. మా ఆవిడకి పుచ్చు పళ్ళు. పాపకి 14, పళ్ళు వంకర. చిన్నోడికి 7, జేబులో ఎప్పుడూ చాక్లెట్. అమ్మకి 68, పైన మొత్తం కట్టుడు పళ్ళు, కింద సొంతవి ఓ తొమ్మిది మిగిలాయి. ఇన్ని రకాల నోళ్ళకి ఒకే ట్యూబు, ఒకే బ్రష్ సరిపోతాయని ఎట్లా అనుకున్నామో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తది. రెండేళ్ళుగా పళ్ళ డాక్టర్ల చుట్టూ తిరిగి, కొంత డబ్బు తగలేసి, కొంత మిగుల్చుకుని తెలుసుకున్నవి రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, అకౌంట్స్ చూసుకునేవాణ్ణి, అందుకే దేనికి ఖర్చు పెట్టాలి దేనికి వద్దు అన్న వైపు నుంచే చెప్తా.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టా, లేనిదా

వేరేవాళ్ళకి ఇది మామూలు ప్రశ్న కానీ మాకు కాదు. మాది నల్గొండ జిల్లా, మునుగోడు వైపు పల్లె, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. నా ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలుంటాయి, డిగ్రీలో హాస్టల్‌లో ఉన్నప్పుడు "నువ్వు పళ్ళు తోముకోవారా" అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. రాళ్ళ ఉప్పు పెట్టి రుద్దా, నిమ్మచెక్క పెట్టి రుద్దా, నిమ్మచెక్కకి పళ్ళు జివ్వుమనడం మొదలైంది గానీ మరక ఇసుమంత కూడా కదల్లేదు, ఎందుకంటే అది పైన అంటుకున్నది కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల కలిసిపోయింది. ఊళ్ళో నడుములు బిగుసుకుపోయినవాళ్ళని, కాళ్ళు వంకర తిరిగినవాళ్ళని చూస్తూ పెరిగా. అందుకే పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ అనే మాట కనిపిస్తే ఒళ్ళు మండేది. చిన్నోడికి వెతికి వెతికి ఫ్లోరైడ్ లేని పేస్టు తెచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంట్లో అందరికీ చెప్పుకున్నా కూడా.

అక్కడే పప్పులో కాలేశా. మా పళ్ళని పాడుచేసింది పళ్ళకి పూసుకున్న ఫ్లోరైడ్ కాదు, మింగిన ఫ్లోరైడ్. ఓ ఎనిమిదేళ్ళ లోపు, దవడ లోపల పళ్ళు తయారవుతున్న టైంలో, రోజూ బిందెల కొద్దీ తాగిన నీళ్ళలోది. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు అని మన దేశంలో లెక్క, మా బోర్లలో అంతకి చాలా ఎక్కువుండేది. ఇది నల్గొండ ఒక్కదాని గోడు కూడా కాదు, 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి డాక్టర్లు రాశారు. కాకపోతే పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు పెట్టిన పేరు మాత్రం నల్గొండ టెక్నిక్, అట్లా మా జిల్లా పేరు పుస్తకాలకెక్కింది.

ఇక పేస్టులో ఫ్లోరైడ్ పని వేరే. మనం తీపి తిన్నప్పుడల్లా నోట్లో క్రిములు యాసిడ్ తయారు చేస్తాయి, అది పన్ను పైపొరలోంచి కాల్షియం లాగేస్తది, ఫ్లోరైడ్ ఉంటే పోయిన ఖనిజం మళ్ళీ వచ్చి చేరడానికి సాయం చేస్తది. పని అంతా పన్ను పైనే, తర్వాత ఉమ్మేస్తాం. బయటికి వచ్చేసిన పన్నుకి పేస్టు వల్ల మా లాంటి చారలు రావు. పైగా ఇప్పుడు మేం ఉండేది హైదరాబాద్‌లో, తాగేది ఆర్‌వో నీళ్ళు, అది ఉన్న ఫ్లోరైడ్‌ని కూడా చాలావరకు తీసేస్తది. అంటే నీళ్ళలో లేదు, పేస్టులో లేదు, చాక్లెట్లు మాత్రం ఉన్నాయి. రెండేళ్ళలో మావాడి దవడ పళ్ళ మీద నల్ల చుక్కలు.

కాబట్టి నా ఓటు ఫ్లోరైడ్ ఉన్నదానికే, కాకపోతే కొలత ముఖ్యం. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. యాడ్‌లలో బ్రష్ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి అల లాగా పెడతారే, అది పేస్టు తొందరగా అయిపోవడానికి తప్ప ఇంకెందుకూ కాదు. పేస్టు తీపిగా ఉందని పిల్లలు మింగేస్తారు, అందుకే పక్కనే నిలబడాలి, ట్యూబు వాళ్ళకి అందకుండా పైన పెట్టాలి. మన దగ్గర పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పదిలక్షల వంతుల్లో వెయ్యి వంతులు) దాటకూడదని రూలు, పెద్దవాళ్ళ పేస్టుల్లో దాదాపు అంతే ఉంటది. పిల్లల పేస్టులు మాత్రం రకరకాలు, కొన్నిట్లో సగమే, కొన్నిట్లో సున్నా, కార్టూన్ బొమ్మ చూసి కొనకుండా వెనకాల చిన్నక్షరాలు చదవండి. మీ ఊళ్ళో ఇంకా బోరు నీళ్ళే తాగుతుంటే ముందు ఆ నీళ్ళు టెస్ట్ చేయించి మార్చుకోండి, అసలు తేడా అక్కడుంది, బఠాణీ గింజంత పేస్టు దగ్గర లేదు.

ఇంకోటి, ట్యూబు కింద అంచున ఉండే రంగు గీత చూసి ఆకుపచ్చైతే నేచురల్, నలుపైతే కెమికల్ అని వాట్సాప్‌లో తిరుగుతుంటది కదా, అది ఫ్యాక్టరీలో మెషీన్ ట్యూబుని ఎక్కడ కోయాలో గుర్తు పట్టడానికి వేసే గీత, అంతే. మా బావ ఇప్పటికీ నమ్మడు.

మిగతా పేస్టుల సంగతి రెండు ముక్కల్లో. మూలికల పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు, లవంగం వాసన బాగుంటది, చిన్నప్పట్నుంచి పుచ్చు లేని గట్టి పళ్ళైతే వాడుకోండి, మా ఇంట్లో లాంటి నోళ్ళకి వద్దు. తెల్లగా చేసే పేస్టులు టీ మరకల్ని కొంచెం గీకుతాయి, పన్ను అసలు రంగు మార్చవు, నా చారల్ని అయితే చూడను కూడా చూడలేదు. జివ్వుమనే పళ్ళకి అమ్మే సెన్సిటివ్ పేస్టు పనిచేస్తది, అయితే రెండు నుంచి నాలుగు వారాలు వాడితేనే తెలుస్తది, రెండు రోజులు వాడి పడేసేవాళ్ళే ఎక్కువ. ఒక్క పన్నే జివ్వుమంటుంటే అది పేస్టు పని కాదు, డాక్టర్ పని.

వేపపుల్ల, పళ్ళపొడి, బ్రష్

అమ్మ పెళ్ళయ్యేదాకా వేపపుల్ల, ఒక్కోసారి కానుగపుల్ల, అవి లేనప్పుడు పిడక కాల్చిన కచ్చిక. తర్వాత చాలా ఏళ్ళు ఎర్ర పళ్ళపొడి, చూపుడువేలుతో. వేపపుల్ల మీద నాకు గౌరవమే, మంచిగా నమిలి కుంచెలాగా చేసుకుని ఓపిగ్గా తోమితే ముందు పళ్ళు బాగా శుభ్రమైతాయి, కానీ వెనక దవడ పళ్ళ లోపలి వైపుకి అది పోదు, పళ్ళ సందుల్లోకి అసలే పోదు. ఊరికెళ్ళినప్పుడు ఇప్పటికీ నేను పుల్లే వేస్తా, రాత్రికి మాత్రం బ్రష్.

పొడులతోటే నాకు పేచీ. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు, గరగరలాడే ఎర్రపొడి, ఏదైనా రోజూ రుద్దితే పైపొర అరిగిపోతది. అమ్మ కింద పళ్ళు చిగురు దగ్గర గాటు పెట్టినట్టు లోపలికి అరిగున్నాయి, డాక్టర్ చూడగానే "పళ్ళపొడి వాడేవారా అమ్మా" అని అడిగాడు. తమాషా ఏంటంటే మా నాయనమ్మ బొగ్గు వాడితే వెనకబడినోళ్ళు అన్నారు, అదే బొగ్గు నల్ల ట్యూబులో పెట్టి చార్‌కోల్ అంటే ఇప్పుడు మా పాప కావాలంటది. కొనివ్వలేదు.

బ్రష్ విషయంలో నాకు చాయిస్ ఒక్కటే కనిపిస్తది, సాఫ్ట్. ఎంత గట్టిగా రుద్దితే అంత శుభ్రం అనేది గిన్నెలకి, పళ్ళకి కాదు. చిగురు మీదికి ఏటవాలుగా ఆనించి చిన్న చిన్నగా తిప్పాలి, రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు, మూడు నెలలకోసారి బ్రష్ మార్చాలి, కుచ్చులు పక్కకి వాలిపోతే అంతకంటే ముందే. పొద్దున తోమకపోతే పాచి వాసన వస్తది కాబట్టి అందరం తోముతాం, కానీ అసలు లెక్కలోది రాత్రిది, ఎందుకంటే నిద్రలో లాలాజలం తగ్గిపోతది, తిన్నది కడిగే దిక్కుండదు. రెండిట్లో ఒక్కటే చేస్తా అనే బద్ధకస్తులుంటే రాత్రి తోముకోండి, పొద్దున పుక్కిలించండి, ఈ మాట పళ్ళ డాక్టర్ ముందు అనకండి.

ఎలక్ట్రిక్ బ్రష్ అందరికీ అక్కర్లేదు. చేత్తో పద్ధతిగా తోముకునేవాడికి దానితో పెద్దగా ఒరిగేదేం లేదు. మా ఇంట్లో ఒక్కటే కొన్నాం, అమ్మకి, ఆవిడ వేళ్ళు కీళ్ళనొప్పులతో పట్టుకోలేవు, లావు పిడి ఉన్న ఎలక్ట్రిక్‌ది పళ్ళ మీద ఆనిస్తే చాలు. మొదటిరోజు నోట్లో గుయ్యిమనేసరికి "ఓరి దీని మొఖం పాడుగాను" అని సింక్‌లో పడేసింది, వారానికి అలవాటైంది. చార్జింగ్ పెట్టే డ్యూటీ చిన్నోడిది.

సందుల్లో ఇరుక్కున్నవి

పీచు మామిడి తిన్నా, మటన్ తిన్నా, మక్క కంకి తిన్నా మా నాన్న మొలతాడుకున్న పిన్నీసు తీసేవాడు. మా మామగారిది చీపురుపుల్ల. ఇవి రెండూ చిగురుని పొడిచి సందుని ఇంకా పెద్దది చేస్తాయి, మళ్ళీ ఎక్కువ ఇరుక్కుంటది, మళ్ళీ పొడుస్తారు. దగ్గర దగ్గరగా ఉన్న పళ్ళకి ఫ్లాస్ దారం, చిగుళ్ళు కిందికి దిగి సందులు పెద్దవైనవాళ్ళకి సందుల్లో పెట్టే చిన్న బ్రష్షు, వంకర పళ్ళు సరిచేసే కమ్మీలు (బ్రేసెస్) వేయించుకున్న పిల్లలకి కుదిరితే నీళ్ళ జెట్టు. నా చిగుళ్ళకి దారం కంటే చిన్న బ్రష్షే బాగా పనిచేసింది. ఎప్పుడూ ఒక్క సందులోనే ఇరుక్కుంటుంటే మాత్రం అక్కడ పుచ్చు మొదలైందేమో చూపించుకోండి, మా ఆవిడ కథ అట్లనే మొదలైంది.

మౌత్‌వాష్ గురించి ఎక్కువ చెప్పను. మందుల షాపులో ఇచ్చే, క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ రకం డాక్టర్ చెప్పిన వారం రెండు వారాలకే, అదే పనిగా వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలొస్తాయి, రుచి తెలియకుండా పోతది, పేస్టుతో తోమిన అరగంట తర్వాత వాడాలి. పన్ను పీకించుకున్నాక గోరువెచ్చని ఉప్పునీళ్ళు, అవి కూడా మర్నాటి నుంచి, నయాపైసా ఖర్చు లేదు. నువ్వులనూనె పుక్కిలించడం ఇష్టమైతే చేసుకోండి, బ్రష్ మానేసి మాత్రం కాదు.

చిన్నోడి 46

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు మా ఒక్కరిదే కాదు. ఆరేళ్ళప్పుడు వాడి కింద కుడివైపు చిట్టచివర ఒక పెద్ద పన్ను వచ్చింది. ముందు ఏ పన్నూ ఊడలేదు కదా, అందుకని అదీ పాలపన్నే అనుకున్నాం. దాని మీద నల్ల గీత కనిపిస్తే "ఊడిపోయేదే కదా, కొత్తది వస్తదిలే" అని నేనే అన్నా. ఏడాది తర్వాత చెంప పట్టుకుని ఏడిస్తే తీసుకెళ్ళాం. చీటీ మీద డాక్టరమ్మ 46 అని రాసింది, నేను అదేదో పర్సెంటేజ్ అనుకున్నా. అది పన్ను నంబరు, కింద కుడివైపు మొదటి శాశ్వత దవడ పన్ను. పాలపళ్ళు 20 ఉంటాయి, ఈ పన్ను వాటి వెనకాల చప్పుడు చేయకుండా ఆరేళ్ళకి వస్తది, ఇక జన్మంతా అదే. వాడు డెబ్భై ఏళ్ళు నమలాల్సిన పన్నుకి ఏడాది తిరక్కుండానే పుచ్చు పట్టించాం.

అదృష్టం కొద్దీ నరం దాకా పోలేదు, సిమెంటు పెట్టి ఆపారు. మిగిలిన మూడు వైపులా అదే వరస పళ్ళకి సీలెంట్ వేశారు, అంటే పన్ను మీద ఉండే లోతు గీతల్ని పల్చటి పూతతో మూసేయడం, సూది లేదు, డ్రిల్లింగ్ లేదు, పావుగంట పని. ఆరు ఏడేళ్ళ పిల్లలుంటే సీలెంట్ గురించి మీరే అడగండి, అన్నిచోట్లా వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. సీలెంటా, ఫ్లోరైడ్ వార్నిషా అంటే, లోతు గీతల దవడ పళ్ళకి సీలెంట్, అన్ని పళ్ళకీ కలిపి ఆర్నెల్లకోసారి పూసేది వార్నిష్, పుచ్చు ఎక్కువున్న పిల్లలకి రెండూ.

పాలపన్ను పుచ్చితే పీకించాలా, ఉంచాలా అనేదానికి వయసు చూడాలి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకి ఎట్లాగూ ఊడతాయి. దవడ పాలపళ్ళు మాత్రం పది పన్నెండేళ్ళ దాకా ఉండాలి, ఐదేళ్ళకే పీకిస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, కింద నుంచి వచ్చేదానికి చోటుండదు. అందుకే దాన్ని ట్రీట్‌మెంట్ చేసి ఉంచుకోవడమే మేలు, తప్పనిసరై పీకిస్తే చోటు పట్టి ఉంచే తీగ ఒకటి వేస్తారు, స్పేస్ మెయింటెయినర్ అని, అది అడగండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లలు వాళ్ళంతట వాళ్ళు సరిగ్గా తోముకోలేరు, తల మన ఒళ్ళో పెట్టుకుని మనమే తోమాలి, ఇప్పుడు ఆ పని రాత్రిపూట నాది.

ఒక అవసరం ముక్క: పిల్లలు ఆడుకుంటూ పడి శాశ్వత పన్ను వేరుతో సహా ఊడొస్తే పారేయకండి, వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకుని పాల గ్లాసులో వేసి అరగంట గంట లోపు డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, మళ్ళీ అతికే ఛాన్సుంది. పాలపన్నుకి ఇది చేయరు.

క్లినిక్కా, గవర్నమెంట్ డెంటల్ కాలేజీనా

మా ఆవిడకి రాత్రిపూట పన్ను నొప్పి, లవంగం నూనె దూదితో పెట్టుకుంది, చిగురు కాలింది, నొప్పి పోలేదు. మా ఏరియాలో అద్దాలు, ఏసీ, కాఫీ మెషీన్ ఉన్న ఓ క్లినిక్‌కి తీసుకెళ్ళా. నోరంతా కలిపి ఒక ఎక్స్‌రే తీసి, నాలుగు రూట్ కెనాళ్ళు (పన్ను లోపలి పాడైన నరం తీసేసి నింపడం), నాలుగు క్యాపులు (పన్ను మీద తొడుగులు), మొత్తం 58 వేలు, ఈ రోజే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అన్నారు. ఈరోజే అన్న మాటకి నాకు అనుమానమొచ్చింది, చీరల షాపు కాదు కదా. ఆ ఫిల్మ్ పట్టుకుని అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దగ్గరుండే గవర్నమెంట్ డెంటల్ కాలేజీకి పోయాం. అక్కడ ఒక్కో పన్నుకీ విడిగా చిన్న ఎక్స్‌రే తీశారు, తట్టి చూశారు, చల్లటిది ఆనించి చూశారు, చివరికి తేల్చిందేంటంటే ఒక్కదానికే రూట్ కెనాల్, రెండిటికి సిమెంటు, నాలుగోదాన్ని ఏమీ చేయకుండా ఆర్నెల్లకి మళ్ళీ చూద్దాం అని.

అట్లా అని కాలేజీయే గొప్ప, క్లినిక్‌లన్నీ మోసం అనను. కాలేజీలో ఓపీ చీటీ లైను, ఒక్కో పనికి ఒక్కో డిపార్ట్‌మెంటు, స్టూడెంట్లు చేస్తారు, పైన సార్లు చెక్ చేస్తారు, పని నెమ్మది. మాకు నాలుగు ట్రిప్పులు పట్టింది, నాలుగు హాఫ్ డే లీవులు. రోజు కూలీ మీద బతికేవాళ్ళకి ఆ నాలుగు రోజులు కూడా ఖర్చే. నా లెక్క ఇట్లా ఉంటది: నొప్పి, వాపు, జ్వరం ఉంటే దగ్గర్లోని క్లినిక్, ఆలోచించకండి. పెద్ద ప్లాను, పెద్ద బిల్లు చెప్తే కాలేజీలో సెకండ్ ఒపీనియన్. కదలకుండా కూర్చోలేని చిన్నపిల్లలకి, ఎక్కువసేపు ఆగలేని ముసలివాళ్ళకి దగ్గర్లో తెలిసిన డాక్టరే నయం. జిల్లాల్లో ప్రైవేట్ డెంటల్ కాలేజీలు కూడా ఉన్నాయి, ఫీజులు క్లినిక్ కంటే బాగా తక్కువ. ఎక్కడైనా సరే ఏ నంబరు పన్ను, ఎక్స్‌రేలో పుచ్చు ఎక్కడుంది చూపించండి అని అడగండి, మంచి డాక్టర్ ఎవరూ దీనికి విసుక్కోరు. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలితే తప్ప మామూలు పళ్ళ పనికి చాలా పాలసీలు పైసా ఇవ్వవు.

పన్ను పీకించడమా, రూట్ కెనాలా? పీకిస్తే ఇవాళ చవక. తర్వాత పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, పైపన్ను కిందికి దిగుతది, అప్పుడు కొత్త పన్ను పెట్టించాలంటే దానికి మూడింతలు. అందుకే గట్టి వేరున్న దవడ పన్నైతే రూట్ కెనాల్. జ్ఞానదంతమైతే, లేదా ఎముక కరిగి కదిలిపోతున్నదైతే పీకించేయండి. రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించకుండా వదిలేసేవాళ్ళు బోలెడుమంది, నొప్పి పోయింది కదా అని, ఆ పన్ను అసలే పుచ్చి డొల్లయింది, ఓ రోజు చెగోడీ కొరికితే నిలువునా చీలుతది, అప్పుడిక పీకడమే.

క్యాపుల్లో మా ఏరియాలో మెటల్ మీద పింగాణీ వేసినదానికి నాకు 4 వేలు చెప్పారు, మెటల్ లేకుండా తెల్లగా ఉండే జిర్కోనియాకి 12 వేలు. ముందు పన్నైతే జిర్కోనియా చూడటానికి బాగుంటది, ఏళ్ళు గడిచాక చిగురు దగ్గర నల్లగీత కనపడదు. మా ఆవిడది వెనక దవడ పన్ను, ఆ నల్లగీత చూసేవాళ్ళెవరు, మెటల్‌దే వేయించాం. పన్నే లేని చోట తీసి పెట్టుకునేది చవక, కొంచెం విసుగు. బ్రిడ్జి తొందరగా అయిపోతది కానీ రెండు వైపులా మంచి పళ్ళని అరగదీయాలి, నాకది ప్రాణం ఒప్పదు. ఇంప్లాంట్ పక్క పళ్ళ జోలికి పోదు, ఎముకలో స్క్రూ అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి, ఖర్చు అన్నిటికంటే ఎక్కువ, షుగర్ కంట్రోల్‌లో లేకపోయినా సిగరెట్ తాగినా ఫెయిలయ్యే ఛాన్సు పెరుగుతది.

నా చిగుళ్ళు

తోముతుంటే రక్తం వచ్చేది. రక్తం వస్తుందని ఆ వైపు తోమడం మానేశా, ఇంకా ఎక్కువొచ్చింది. చిగుళ్ళకి షుగర్‌కి రెండు వైపులా లింకు, షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళలో చీముంటే షుగర్ దిగదు. గార, అంటే పళ్ళ మీద గట్టిపడ్డ పాచి, గీకించుకుంటే పళ్ళు కదులుతాయని మా ఆఫీసులో సగం మంది నమ్మకం, నేనూ భయపడ్డా. గీకించాక నిజంగానే సందులు కనిపించాయి, నాలికకి తెలిసింది కూడా, కానీ అవి ముందునుంచీ ఉన్న సందులే, ఇన్నాళ్ళూ గార సిమెంటులాగా నిండి ఉంది. ఆర్నెల్లకోసారి గీకించడం, ఏడాదికోసారి రూట్ కెనాల్ చేయించడం, ఏది చవకో లెక్క చెప్పక్కర్లేదు. నా చారలు కనపడకుండా వెనీర్లు, అంటే పళ్ళ మీద అతికించే పల్చటి పొరలు, వేయించమని ఒకాయన చెప్పాడు, 41 ఏళ్ళు ఈ మొహంతోనే నెట్టుకొచ్చా, వద్దన్నా.

తంబాకు, గుట్కా, ఖైనీ గురించి ఒక్కటే మాట, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ, తెల్లమచ్చ గానీ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం గానీ ఉంటే పేస్టులు మార్చుకుంటూ కూర్చోకండి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో కొందరు ఆడవాళ్ళు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు, దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తది, ఇంట్లో అట్లాంటి పెద్దావిడుంటే టార్చిలైట్ వేసి నోటి పైభాగం చూడండి.

పాప కమ్మీల విషయం తొందరగా తేలిపోయింది. మెటల్ చవక, పని గట్టిగా చేస్తది. పింగాణీవి అంతగా కనపడవు, ఖర్చెక్కువ. పళ్ళకి తొడిగి తీసే ప్లాస్టిక్ అలైనర్లు రోజుకి ఇరవై గంటల పైన పెట్టుకుంటేనే ఫలితం, ఇయర్‌ఫోన్లే వారానికోటి పోగొట్టే పిల్లకి లక్ష రూపాయల అలైనర్లు కొనిచ్చే ధైర్యం నాకు లేదు. మెటల్‌వే వేయించాం, రబ్బర్లు గులాబీ రంగువి కావాలంది, సరే అన్నాం.

అమ్మ సెట్టు

అమ్మ మొదటి కట్టుడు పళ్ళ సెట్టు చండూరులో ఒక పెళ్ళిలో పోయింది. భోజనానికి కూర్చుని, గుచ్చుకుంటుందని తీసి పేపరు న్యాప్‌కిన్‌లో చుట్టి ఆకు పక్కన పెట్టుకుంది, లేచి చెయ్యి కడుక్కొచ్చేసరికి ఆకుతోపాటు ఎత్తేశారు. మా తమ్ముడు ఎంగిలాకుల కుప్పలో గంట వెతికాడు. అప్పట్నుంచి మూతున్న చిన్న డబ్బా ఆవిడ బొడ్డుసంచిలోనే ఉంటది.

రెండోదానికి మూడు దారులు చెప్పారు. కాలేజీలో మామూలు సెట్టు, ఐదారు సార్లు తిరగాలి, ఖర్చు నామమాత్రం. క్లినిక్‌లో అదే సెట్టు, నాకు 18 వేలు చెప్పారు, మూడు సిట్టింగులు. లేదా నాలుగు ఇంప్లాంట్లు వేసి వాటి మీద బిగించేది, లక్షల్లో. ఇంప్లాంట్ల సెట్టు కదలదు, నమలడానికి సొంత పళ్ళలాగుంటదంటారు, నేను లోన్ పెట్టుకునైనా వేయిద్దామనుకున్నా. అమ్మ బీపీకి, గుండెకి మందులు వాడుతది, రక్తం పల్చబడే మాత్ర కూడా ఉంది, అది మనంతట మనం ఆపకూడదు, ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవాలి. ఇదంతా విని ఆవిడ "నాకెందుకు బిడ్డా దవడల మొలలు, పిల్లకు ఫీజు కట్టుపో" అంది.

కాలేజీలోనే చేయించాం. మెత్తగా ఉండే మైనం కరిపించి కొలతలు తీసిన స్టూడెంటు పిల్ల ప్రతిసారీ "అమ్మమ్మా, నవ్వు" అనేది, అమ్మ కావాలని మూతి బిగించేది. రాత్రి తీసేసి మామూలు నీళ్ళలో వేయాలి, వేడినీళ్ళలో వేస్తే వంకరపోతది, పేస్టుతో తోమితే గీతలు పడతాయి, మెత్తటి బ్రష్షు, చేతులు కడుక్కునే సబ్బు చాలు. కడిగేటప్పుడు కింద నీళ్ళ గిన్నె పెట్టుకోవాలి, జారి గచ్చు మీద పడితే రెండు ముక్కలే. కింద మిగిలిన తొమ్మిది పళ్ళకి మాత్రం ఫ్లోరైడ్ పేస్టే, గుయ్యిమనే బ్రష్షుతో.

మొన్న వానాకాలంలో మక్క గారెలు చేశాం. ముందు మెత్తగా వచ్చినవి ఏరి అమ్మ పళ్ళెంలో పెట్టింది మా ఆవిడ. అమ్మ వాటిని చిన్నోడి పళ్ళెంలోకి తోసేసి, అంచులు కరకరలాడేది ఒకటి తీసుకుని, రెండు వైపులా సమానంగా పడేటట్టు సగానికి తుంచుకుని నమిలింది, కాలేజీలో ఆ పిల్ల నేర్పినట్టే.